రీలులో ముందొక ముక్క కడిగి చూద్దాం



సిల్వర్ బ్రోమైడ్ మీద వెలుతురు పడితే అది వెండిగా, బ్రోమిన్‌గా విడిపోతుందనీ, నలుపు తెలుపు ఫోటోలకు ఇదే ఆధారమనీ పదో తరగతి రసాయన శాస్త్రంలో చదువుతాం. పరీక్ష కోసం కంఠతా పట్టి, ఆ తరువాత మరిచిపోతాం. ఈ ఒక్క వాక్యం వెనుక ఎంత పని ఉందో దసరా సెలవుల్లో నేను కళ్ళారా చూశాను. హైదరాబాద్ నాంపల్లిలో మా కాక (బాపు తమ్ముడు) ఉండే గదిలో ఇద్దరం కలిసి ఒక ఫోటో రీలు కడిగాము. రీలు మొత్తం ఒకేసారి కడగలేదు. ముందు ఒక ముక్క కత్తిరించి కడిగి, అది చెప్పిన సంగతిని బట్టి మిగిలిన ముక్క కడిగాము. ఎందుకు అట్లా చేశామో, ఎట్లా చేశామో ఈ పాఠంలో చెబుతాను.

1. రీలులో ఏముంటుంది?

సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద జిలాటిన్ అనే జిగురు పూత ఉంటుంది. ఆ జిగురులో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల రేణువులు ఉంటాయి. కెమెరాలో మీట నొక్కినప్పుడు వెలుతురు ఒక్క క్షణం ఆ రేణువులను తాకుతుంది. తాకిన రేణువులో కొద్ది వెండి పరమాణువులు మాత్రమే విడివడతాయి. అది కంటికి కనబడదు. దీనినే గుప్త ప్రతిబింబం అంటారు. అనగా ఫోటో ఉంది, కానీ దాగి ఉంది.

డెవలపర్ అనే మందులో ముంచితే, వెలుతురు తాకిన రేణువులు పూర్తిగా నల్లటి వెండిగా మారతాయి. తాకని రేణువులు అట్లాగే ఉంటాయి. వాటిని హైపో అనే మందు కరిగించి తీసేస్తుంది. ఆ తరువాతే దానిని వెలుతురులోకి తేవచ్చు. తెల్లగా ఉన్నది నల్లగా, నల్లగా ఉన్నది తెల్లగా కనబడుతుంది. ఇదే నెగటివ్.

2. మా రీలు సంగతి

మా కాక దగ్గర ఒక పాత కెమెరా ఉంది. రెండేళ్ళ కింద జనవరిలో అందులో 36 ఫోటోల నలుపు తెలుపు రీలు వేసిండు. మొదటి 12 ఫోటోలు నాంపల్లిలో, అబిడ్స్‌లో తీసిండు. నాంపల్లి రైల్వే స్టేషన్, ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ దీపాలు, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు, ఇట్లాంటివి. (నుమాయిష్ 1938లో మొదలైంది. మామూలుగా జనవరి 1న తెరుస్తారు. అబిడ్స్ అనే పేరు ఆరో నిజాం కాలంలో అక్కడ దుకాణం నడిపిన అబిద్ అనే ఆయన పేరు మీద వచ్చింది.)

ఆ తరువాత కేస్లాపూర్ నాగోబా జాతరకు మా కాక ఊరికి వచ్చిండు. అప్పుడు జాతరనూ, మా ఇంటినీ, మా నాయినమ్మనూ తీసిండు. ఆ వానాకాలంలోనే నాయినమ్మ చనిపోయింది. ఆధార్ కార్డు మీదున్న మసక బొమ్మ తప్ప ఆమె ఫోటో మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా ఆ రీలులోనే.

రీలు రెండేళ్ళు రేకు పెట్టెలో ఉంది. మధ్యలో రెండు ఎండాకాలాలు పోయినవి. వేడికి, వయసుకు గుప్త ప్రతిబింబం కొంత వెలిసిపోతుంది. ఎంత వెలిసిందో రీలును చూసి చెప్పలేము. మందు డబ్బా మీద రాసిన సమయం కొత్త రీలుకు సరిపోయేది. పాత రీలుకు అది చాలుతుందా, చాలదా? కడగడం ఒక్కసారే సాధ్యం. తక్కువ కడిగి హైపోలో వేసిన తరువాత మళ్ళీ డెవలపర్‌లో వేసినా లాభం లేదు. ఎందుకంటే మారవలసిన రేణువులను హైపో అప్పటికే కరిగించేసి ఉంటుంది.

"రంగు ఫోటోలు కడిగే ల్యాబులో ఇస్తే?" అని నేను అడిగాను. దానికి మా కాక చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. రంగు రీలు కడిగేటప్పుడు చివరికి వెండినంతా తీసేసి రంగులను మాత్రమే మిగులుస్తారు. మన నలుపు తెలుపు రీలులో ఉన్నది వెండి ఒక్కటే. అదే పద్ధతిలో కడిగితే ఖాళీ ప్లాస్టిక్ పట్టీ చేతికి వస్తుంది.

"తొందర వద్దు బిడ్డా. ముందు పట్నం ఫోటోలు కడుగుదాం. స్టేషన్ రేపు కూడా అక్కడే ఉంటది, పోస్టాఫీసు అక్కడే ఉంటది. అవి చెడిపోతే మళ్ళ తీసుకుందాం. అమ్మను మళ్ళ తియ్యలేం గదా" అన్నాడు. ఈ మాటలోనే పాఠం సారమంతా ఉంది.

3. పూర్వం ఎట్లా చేసేవారు?

ఒక్కో ఫోటోను విడిగా కడగడం కొత్త విషయం కాదు. మొదట్లో అదే పద్ధతి. ఆ రోజుల్లో గాజు పలక మీద పూత పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడిగేవారు. అందుకని ఫోటోగ్రాఫర్ వెంట చీకటి డేరా కూడా ప్రయాణం చేసేది. తరువాత ముందే తయారు చేసి ఉంచుకునే పొడి పలకలు వచ్చినవి.

మన హైదరాబాద్ పేరును ఫోటోగ్రఫీలో నిలబెట్టిన రాజా దీన్‌దయాళ్ పలకల కాలం వారే. ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందూరులో నౌకరీ చేస్తూ ఫోటోలు తీయడం నేర్చుకున్నారు. 1880లలో హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకు ముసవ్వర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. 1905లో చనిపోయారు. 2006లో ఆయన పేరు మీద మన దేశం తపాలా బిళ్ళ వేసింది. పలక పద్ధతిలో ఒక లాభం ఉంది. ఒక పలక పలచగా వస్తే, రెండో పలకకు సమయం పెంచుకోవచ్చు.

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ చుట్టగా ఉండే రీలుతో కొడాక్ కెమెరా అమ్మకానికి తెచ్చాడు. అందులో 100 ఫోటోలు పట్టేవి. 1925లో జర్మనీ నుండి లైకా కెమెరా వచ్చింది. అది సినిమాలకు వాడే 35 మి.మీ. ఫిల్మును వాడుకుంది. మా కాక కెమెరాలోది కూడా ఆ కొలతే. రీలు వచ్చాక పని సులువైంది, ఖర్చు తగ్గింది. కానీ 36 ఫోటోలకూ ఒకే స్నానం, ఒకే సమయం. ఒకటి చెడితే అన్నీ చెడినట్లే. కత్తెరతో రీలును రెండు చేస్తే పలకల కాలం నాటి సౌకర్యం కొంత మనకు తిరిగి వస్తుంది.

4. కావలసిన సామాన్లు

నాంపల్లి స్టేషన్ నుండి అబిడ్స్‌కు నడిచే పోవచ్చు. మేము నడిచి వెళ్ళి ఫోటో సామాన్ల దుకాణంలో కొన్ని, మందుల దుకాణంలో కొన్ని, గిన్నెల దుకాణంలో కొన్ని కొన్నాము.

(అ) రీలు కడిగే ట్యాంకు. ఇది మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. మూతలో నుండి మందు పోయవచ్చు, కానీ వెలుతురు లోపలికి పోదు. లోపల స్క్రూ మరల వంటి గాడులున్న చక్రం ఉంటుంది. ఫిల్మును ఆ గాడుల్లో చుట్టాలి.
(ఆ) డెవలపర్. మేము వాడినది డి-76. పొడి ప్యాకెట్లు దొరుకుతాయి. ఇంట్లో కూడా కలుపుకోవచ్చు. ఒక లీటరుకు కొలతలు ఇవి: మెటాల్ 2 గ్రా., సోడియం సల్ఫైట్ 100 గ్రా., హైడ్రోక్వినోన్ 5 గ్రా., బోరాక్స్ 2 గ్రా.
(ఇ) హైపో, అనగా సోడియం థయోసల్ఫేట్ పలుకులు. లీటరుకు 250 గ్రా.
(ఈ) థర్మామీటరు, కొలత గ్లాసు, గడియారం, కత్తెర, రబ్బరు తొడుగులు, బట్టలకు పెట్టే క్లిప్పులు.
(ఉ) ఐసు ముక్కలు. ఎందుకో తరువాత చెబుతాను.

5. ఎక్కడ కత్తిరించాలి? లెక్క

మా కాకకు ఒక అలవాటు ఉంది. ఒక చోట ఫోటోలు అయిపోయి ఇంకో చోటికి పోయేటప్పుడు లెన్సుకు మూత పెట్టి రెండుసార్లు ఖాళీగా నొక్కుతాడు. పుస్తకంలో ఇట్లా రాసి ఉంది: "1 నుండి 12 పట్నం. 13, 14 ఖాళీ. 15 నుండి 30 ఊరు." ఆ ఖాళీ కత్తెర కోసం వదిలిన బాట అన్నమాట. పొలానికి గట్టు ఎట్లాగో ఇది అట్లా.

ఫిల్ములో ముందు తీసిన ఫోటోలు బయటి కొసకు దగ్గరగా ఉంటాయి. బయటికి వచ్చే సన్నటి కొసను మేము నాలుక అన్నాము. ఒక్కో ఫోటోకు ఎనిమిది రంధ్రాల పొడవు, అనగా 38 మి.మీ. పడుతుంది. అందులో బొమ్మ 36 మి.మీ., మధ్యలో సందు 2 మి.మీ.

నాలుక కొస నుండి మొదటి ఫోటో దాకా ఎంత దూరమో కెమెరాను బట్టి మారుతుంది. అది తెలుసుకోవడానికి పనికిరాని పాత రీలును అదే కెమెరాలో వేసి, 1 అంకె వచ్చేదాకా తిప్పి, వెనుక తలుపు తీసి గుర్తు పెట్టి కొలిచాము. 18 సెం.మీ. వచ్చింది. ఇక లెక్క చూడండి:

నాలుక నుండి 1వ ఫోటో దాకా = 18 సెం.మీ.
12 ఫోటోలు (12 × 3.8) = 45.6 సెం.మీ.
ఒక ఖాళీ ఫోటో = 3.8 సెం.మీ.
మొత్తం = 67.4 సెం.మీ.

అక్కడ కత్తిరిస్తే రెండు ఖాళీల నడుమ పడుతుంది. అటు ఇటు 3.8 సెం.మీ. తేడా వచ్చినా ఏ ఫోటోకూ దెబ్బ తగలదు. అయితే మందుల పరీక్ష కోసం నాలుక కొస నుండి 2 సెం.మీ. ముక్కలు రెండు ముందే కత్తిరించాము. కావున 67.4 లో 4 తీసివేసి 63.4 సెం.మీ. దగ్గర కత్తిరించాలి. చీకట్లో స్కేలు చూడలేము గనుక ఒక వెదురు బద్దను సరిగ్గా 63.4 సెం.మీ.కు కోసి పెట్టుకున్నాము. ఫిల్మును దాని పక్కన పెట్టి, వేళ్ళతో కొస తడిమి కత్తిరించడమే.

6. చీకటి అంటే ఎంత చీకటి?

సినిమాల్లో ఫోటోల గదిలో ఎర్ర దీపం చూపిస్తారు. అది ఫోటో కాగితానికి సరిపోతుంది. మన ఫిల్ము ఎర్ర రంగును కూడా చూస్తుంది గనుక ఎర్ర దీపం పనికిరాదు. పూర్తి చీకటి ఉండాలి.

నాంపల్లిలో రాత్రి కూడా వీధి దీపాలు వెలుగుతుంటాయి. కిటికీ లేని స్నానాల గది చూసుకుని, రాత్రి తొమ్మిది దాటాక తలుపు సందుల్లో చద్దర్లు కుక్కాము. పరీక్ష ఏమిటంటే, లోపల ఐదు నిమిషాలు కూర్చుని, తెల్ల కాగితం ముఖం ముందు ఆడించాలి. కాగితం లీలగా అయినా కనబడితే ఇంకా వెలుతురు వస్తున్నట్లే. మాకు మొదట తలుపు కింద సన్నటి గీత కనబడింది. అక్కడ తడిగుడ్డ పెట్టాము. చేతి గడియారం, సెల్‌ఫోన్ గది బయట పెట్టాము.

చక్రంలో ఫిల్ము చుట్టడం పనికిరాని రీలుతో పగటిపూట పది సార్లు, కళ్ళు మూసుకుని పది సార్లు చేశాను. చక్రం తడిగా ఉంటే ఫిల్ము అతుక్కుని ముందుకు పోదు. పొడిగా ఉండాలి. చీకట్లో చేసే వరుస ఇది:

ఒకటి, రీలు డబ్బీ నుండి ఫిల్మును మెల్లగా లాగి వెదురు బద్దతో కొలవాలి.
రెండు, కత్తిరించాలి.
మూడు, మిగిలిన ఫిల్మును డబ్బీలోకి తిప్పి, నల్ల డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఊరి ఫోటోలు అందులో ఉన్నవి గనుక ఈ పని ముందు.
నాలుగు, కత్తిరించిన ముక్కను చక్రంలో చుట్టి ట్యాంకులో పెట్టి మూత పెట్టాలి.

ఇక దీపం వేసుకోవచ్చు.

7. మందులు పనిచేస్తున్నాయా?

ఈ పరీక్ష చీకటి పని మొదలుపెట్టకముందే చేయాలి. నాలుక ఎట్లాగూ వెలుతురు తగిలినదే. దాని నుండి కోసిన రెండు ముక్కలతో రెండు పరీక్షలు చేశాము. మొదటి ముక్కను డెవలపర్‌లో వేశాము. కొద్ది నిమిషాల్లో నల్లబడింది. డెవలపర్ బతికే ఉందని తెలిసింది. రెండో ముక్కను హైపోలో వేశాము. పాల రంగు పోయి నాలుగు నిమిషాల్లో తేటబడింది. తేటబడే సమయానికి రెట్టింపు, అనగా ఎనిమిది నిమిషాలు హైపోలో ఉంచాలి. మేము పది నిమిషాలు ఉంచాము.

8. వేడి, సమయం

డెవలపర్ రసాయన చర్య వేడిని బట్టి వేగంగానో, మెల్లగానో జరుగుతుంది. మా రీలు ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్. డి-76 ను సమానంగా నీళ్ళు కలిపి వాడితే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 11 నిమిషాలు కడగాలి. పైన మిద్దె మీది ట్యాంకు నుండి వచ్చే నీళ్ళు 28 డిగ్రీలు ఉన్నవి. అంత వేడిలో చర్య త్వరగా అయిపోతుంది. కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ నల్లబడే ప్రమాదం ఉంది. అందుకే ఐసు. ఐసును మందులో వేయరాదు, పలచబడుతుంది. బకెట్టులో ఐసు నీళ్ళు పోసి, అందులో మందు సీసాలు నిలబెట్టాము. థర్మామీటరు 20 చూపేదాకా ఆగాము.

150 మి.లీ. డెవలపర్, 150 మి.లీ. నీళ్ళు కలిపి ట్యాంకులో పోశాము. ఫిల్ము పొట్టిదైనా చక్రం మునిగేంత మందు ఉండాలి. మొదటి అర నిమిషం ఆపకుండా ట్యాంకును తలకిందులు చేస్తూ, తరువాత ప్రతి నిమిషానికి పది సెకన్లు చేశాము. 11 నిమిషాలు కాగానే డెవలపర్ పారబోసి, మంచినీళ్ళతో ఒక నిమిషం కడిగి, హైపో పోశాము.

హైపో వెండి లవణాలను కరిగిస్తుందని 1819లో కనిపెట్టినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన 1839లో దానిని ఫోటోలను నిలిపి ఉంచడానికి వాడారు. ఒక చిన్న సంగతి ఇరవై ఏళ్ళు ఆగి తన పనికి వచ్చిందన్నమాట.

చివరికి నీళ్ళతో కడగాలి. మా కాక గదిలో నీళ్ళు పొద్దున ఒక పూట మాత్రమే వస్తాయి. కుళాయి విప్పి ఉంచే వీలు లేదు. తక్కువ నీళ్ళతో కడిగే పద్ధతి ఉంది. ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి. మళ్ళీ నింపి 10 సార్లు. మళ్ళీ నింపి 20 సార్లు. ఆఖరున కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకసారి ముంచాలి. సరిగ్గా కడగకపోతే మిగిలిన హైపో ఏళ్ళు గడిచేకొద్దీ ఫోటోను పచ్చబార్చి పాడుచేస్తుంది.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త మన ఆదిలాబాద్ గోండు గూడేలలో, మార్లవాయిలో ఉండి ఎన్నో ఫోటోలు తీశారు. అవి ఈనాటికీ లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నవి. వాటిలో మన తాత ముత్తాతల ముఖాలు ఉన్నవి. ఫోటో తీయడం ఎంత ముఖ్యమో, కడిగి దాచడం అంతే ముఖ్యం.

9. మొదటి ముక్క ఏం చెప్పింది?

రాత్రంతా ఫ్యాను లేకుండా, దుమ్ము పడకుండా స్నానాల గదిలో తీగకు వేలాడదీశాము. పొద్దున కిటికీ దగ్గర చూశాము. 12 ఫోటోలూ ఉన్నవి. కానీ పలచగా ఉన్నవి. నుమాయిష్ దీపాలు నల్లటి చుక్కలుగా కనబడుతున్నవి. స్టేషన్ లోపలి నీడల్లో ఏమీ లేదు.

ఇక్కడ మా కాక ఫిల్ము అంచును చూడమన్నాడు. అంచున కంపెనీ వారు ముందే వెలుతురుతో అచ్చు వేసిన పేరు, అంకెలు ఉంటాయి. వాటికీ మన కెమెరాకూ సంబంధం లేదు. వాటితో ఇట్లా తెలుసుకోవచ్చు:

అంచు అక్షరాలు బాగా నల్లగా ఉండి, ఫోటోలు పలచగా ఉంటే, ఫోటో తీసేటప్పుడు వెలుతురు చాలలేదు.
అక్షరాలూ, ఫోటోలూ రెండూ పలచగా ఉంటే, కడిగిన సమయం చాలలేదు, లేదా వయసుకు వెలిసిపోయింది.

మా ముక్కలో రెండూ పలచగానే ఉన్నవి. అనగా ఈ రీలుకు 11 నిమిషాలు చాలదు.

"మరి ఇరవై నిమిషాలు పెడితే?" అని అడిగాను. అప్పుడు కొసన ఉన్న సగం ఖాళీని చూపించిండు. అక్కడ వెలుతురు తగలలేదు గనుక గాజులాగ తేటగా ఉండాలి. కానీ లేత బూడిద రంగు పొగ కమ్మినట్లు ఉంది. పాత ఫిల్ములో వెలుతురు తాకని రేణువులు కూడా కొన్ని తమంతట తామే నల్లబడతాయి. సమయం మరీ పెంచితే ఫోటోతో పాటు ఈ పొగ కూడా పెరిగి, ఫోటోను మింగేస్తుంది. కావున పావు వంతు పెంచాలని నిర్ణయించాము. 11 కు పావు వంతు 2.75. మొత్తం 13.75. దానిని 14 నిమిషాలు చేశాము.

10. రెండో ముక్క

రెండో రాత్రి అదే సీసాలోని డెవలపర్, అదే 150 మి.లీ., అదే 20 డిగ్రీలు, అదే విధంగా తిప్పడం. మార్చింది సమయం ఒక్కటే. ఇది సైన్సు నియమం. రెండు మూడు సంగతులు ఒకేసారి మారిస్తే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

14 నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాము. ఇద్దరం మాట్లాడలేదు. హైపో అయ్యాక మూత తీసి, తడి ఫిల్మును దీపానికి ఎత్తి పట్టిండు. అంచు అక్షరాలు ముందటి రోజుకంటే నల్లగా ఉన్నవి. నాలుగు ఫోటోల్లో జాతర జనం. తరువాత ఆరు ఫోటోల్లో మా నాయినమ్మ ఇంటి ముందు కూర్చుని జొన్నలు చెరుగుతున్నది. రెండింటిలో చేట కదిలి చెదిరిపోయింది. ఒకదానిలో మాత్రం చెరగడం ఆపి కెమెరా వైపు చూసింది. నెగటివ్‌లో ఆమె తెల్ల జుట్టు నల్లగా, నుదుటి మీది పచ్చబొట్లు తెల్లగా ఉన్నవి. పొగ కొంచెం ఉంది, కానీ ముఖం నిలిచింది.

ఆరిన తరువాత సెల్‌ఫోన్ తెర తెల్లగా పెట్టి, దాని మీద నెగటివ్ ఉంచి ఇంకో ఫోన్‌తో తీసి, రంగులు తిరగవేశాము. ఆ ఫోటో కాగితం మీద వేయించి ఊరికి తీసుకుపోయాను. బాపు చానాసేపు చూసిండు. ఇప్పుడు అది మా ఇంట్లో గోడకు ఉంది. నెగటివ్‌లను ఆరేసి ఫోటోల పట్టీలుగా కోసి, కాగితపు సంచిలో దాచాము. ఫోన్ పోతే ఫోన్‌లోని ఫోటో పోతుంది. నెగటివ్ ఉంటే మళ్ళీ తీసుకోవచ్చు.

11. జాగ్రత్తలు

మెటాల్ కొందరి చర్మానికి పడదు. దురద, పుండ్లు వస్తాయి. తొడుగులు వేసుకోవాలి.
మందులు కలిపిన గిన్నెలు మళ్ళీ వంటకు వాడరాదు. సీసాల మీద పేరు రాసి, చిన్న పిల్లలకు అందకుండా పెట్టాలి.
వాడిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది. దానిని వాగులో, చెరువులో పోయరాదు. చేపలకు, నీటి పురుగులకు హాని.
చీకటి గదిలో గాలి ఆడదు. పని కాగానే తలుపు తెరవాలి.

12. మీరూ చేసి చూడండి

మన బడిలో ఫిల్ము లేదు, మందులు లేవు. అయినా ముందొక ముక్కతో పరీక్షించే పద్ధతిని పసుపుతో చేయవచ్చు. పసుపును స్పిరిట్‌లో కలిపి, వడకట్టి, తెల్ల కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. దాని నుండి ఒక పట్టీ కోసి, అట్ట ముక్కతో కప్పి, గంటకొకసారి అట్టను కొంచెం జరుపుతూ ఎండలో పెట్టండి. నాలుగు గంటలకు నాలుగు మెట్లు వస్తాయి. తరువాత చాకలి సోడా నీళ్ళు తుడవండి. ఎండకు పసుపు వెలిసిన చోట లేతగా, వెలవని చోట ఎర్రటి గోధుమ రంగులో కనబడుతుంది. ఏ మెట్టు బాగుందో చూసి, మిగిలిన కాగితం మీద మోదుగాకో, చింతరెమ్మో పెట్టి అన్ని గంటలే ఎండలో ఉంచండి. మంచి కాగితాన్ని ముందే వాడితే, ఆకును ఎన్ని గంటలుంచాలో ఊహించవలసి వస్తుంది.

ప్రశ్నలు

1. తక్కువ కడిగిన ఫిల్మును హైపోలో వేసిన తరువాత మళ్ళీ డెవలపర్‌లో వేస్తే ఎందుకు లాభం లేదు?
2. నాలుక నుండి మొదటి ఫోటో దాకా 20 సెం.మీ. ఉండి, 8 ఫోటోల తరువాత రెండు ఖాళీలు ఉంటే, ఎక్కడ కత్తిరించాలి?
3. అంచు అక్షరాలు నల్లగా ఉండి ఫోటోలు పలచగా వస్తే, లోపం ఎక్కడ ఉంది?
4. రెండో రాత్రి సమయంతో పాటు వేడిని కూడా మార్చి ఉంటే మనకు ఏం తెలియకుండా పోయేది?

జవాబులు కాగితం మీద రాసి మన పత్రిక పక్కన ఉన్న పెట్టెలో వేయండి. రెండో ప్రశ్నకు లెక్క కూడా చూపించాలి. మీ ఇంట్లో పెట్టెలోనో, అటకమీదనో పాత నెగటివ్‌లు ఉంటే పారేయకుండా తీసుకురండి. వెలుతురుకు పట్టి ఎవరెవరున్నారో అందరం కలిసి చూద్దాం.